నీడలో కొలిచిన ఎండ

2024లో భరణి కార్తె మొదలైన మూడో రోజున నేనూ మా తమ్ముడూ ఇల్లు కదిలి, ఆరు రోజులు పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో తిరిగి, మే 4 రాత్రి హైదరాబాదు చేరుకున్నాము. "ఎండకాలం ఎవరన్నా చల్లటి తావు చూసుకుంటరు గాని నల్లగొండకు పోతరా?" అని పక్కింటి పిన్నిగారు అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. మా మేనత్త భర్త 2015 మే నెలలో వడదెబ్బకు పోయారు. అప్పటినుంచి ప్రతి వేసవిలోనూ పత్రికల్లో వచ్చే డిగ్రీల అంకెలను ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకోవడం నాకు అలవాటైంది. డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పుకునే దానిని కాబట్టి అంకెల మీద నమ్మకం ఎక్కువ. ఆ అంకెలు పుట్టే నేల మీద, అవి పుట్టే రోజుల్లోనే ఒకసారి నిలబడి చూడాలని అనిపించి, సంచిలో ఒక పాదరసపు థర్మామీటరు వేసుకుని బయలుదేరాను.

ఏప్రిల్ 29, సోమవారం: పిల్లలమర్రి

మహబూబ్‌నగర్ బస్టాండు ముందు చలివేంద్రంలో రంజన్ల చుట్టూ తడి గోనెసంచులు చుట్టి ఉంచారు. నీళ్లు పోస్తున్న పెద్దాయన గ్లాసు చేతికి ఇవ్వకుండా దోసిలి పట్టమని, మొదటి దోసెడు ముఖం మీద చల్లుకోమని, ఆ తరువాతే తాగమని చెప్పాడు. ఎండలోంచి వచ్చి గటగటా తాగితే కడుపులో పట్టేస్తుందని ఆయన అభిప్రాయం. అది ఎంతవరకు నిజమో గాని, ముఖం తడిశాక ఊపిరి మామూలు అయిన మాట మాత్రం నిజం.

ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లలమర్రికి ఆటో అతను 200 అడిగి 150కి దిగివచ్చాడు. ఏడువందల ఏళ్లదని చెప్పే ఆ మర్రిచెట్టు సుమారు మూడెకరాలు పరుచుకుని ఉంది. అసలు మాను ఏదో, నేలకు దిగి మానులైన ఊడలు ఏవో చెప్పడం కష్టం. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడ్డాక చెదలు ఎంత లోతుకు పోయాయో తెలిసింది. మరుసటి ఏడు ఆసుపత్రిలో రోగికి సెలైను పెట్టినట్టు, కొమ్మలకు సీసాలు వేలాడదీసి సన్నని గొట్టాల ద్వారా చెదల మందును బొట్లుబొట్లుగా ఎక్కించారు. ఒరిగిన కొమ్మల కింద ఇప్పుడు సిమెంటు దిమ్మెలు ఆసరాగా ఉన్నాయి. మేము కంచె ఇవతలి నుంచే చూశాము.

థర్మామీటరు మొదటిసారి బయటికి తీసింది అక్కడే. ఎండలో పట్టుకుంటే పాదరసం ఆగకుండా 50 దాటేసింది. "అక్కా, రికార్డు!" అని తమ్ముడు కేక వేశాడు. కాదని చెప్పవలసి వచ్చింది. ఎండలో పెట్టిన థర్మామీటరు గాలి వేడిని కాదు, తాను పీల్చుకున్న ఎండను చూపుతుంది. నల్లగుడ్డ చుడితే ఇంకా ఎక్కువ చూపుతుంది. వాతావరణ శాఖవారు చెప్పే డిగ్రీలన్నీ తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, నాలుగు వైపులా గాలి ఆడే పలకల మధ్య, మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటుగా, పూర్తి నీడలో కొలిచినవి. తలుపు తెరిచినప్పుడు కూడా ఎండ లోపల పడకుండా దానిని ఉత్తరం వైపుకు పెడతారు. చెట్టునీడన అదే థర్మామీటరు నెమ్మదిగా దిగి 42 దగ్గర నిలబడింది. కంచె దగ్గర కూర్చున్న కావలి మనిషి ఇదంతా విని, "అయితే ఎండల పని జేసేటోనికి ఎన్ని డిగ్రీలు మేడం?" అని అడిగాడు. దానికి ఒక్క అంకెలో చెప్పే జవాబు లేదని అన్నాను. అతనికి అది జవాబులా అనిపించలేదు.

ఏప్రిల్ 30, మంగళవారం: దేవరకొండ దారి

జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా కొండమల్లేపల్లి వైపు సాగిన బస్సులో నాకు ఆధార్ కార్డు చూపితే సున్నా టికెట్టు, తమ్మునికి మాత్రం పూర్తి చార్జీ. వాడు దారి పొడవునా దీని గురించి సణుగుతూనే ఉన్నాడు. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే వడగాడ్పు. పక్కసీటులోని ఆమె కొంగు తడిపి కిటికీ ఊచలకు కట్టింది. పది నిమిషాల్లో అది అప్పడంలా ఎండిపోయింది.

మా అత్త ఊరికి దిగవలసిన స్టేజీకి ఒక స్టేజీ ముందే దిగడం నా తప్పు. దేవరకొండ చుట్టుపక్కల తండాల పేర్లు ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి; కండక్టరు అరిచిన పేరును నేను నాకు కావలసినట్టు విన్నాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, బస్సు వెళ్లిపోయింది, కనుచూపుమేర ఒక్క వాహనం లేదు. రెండున్నర కిలోమీటర్లే కదా అని నడక మొదలుపెట్టాము. ఇరువైపులా కోసేసిన పత్తిచేన్ల మోళ్లు, వాటి మధ్య ఏనుగుల మందలా బండరాళ్లు. ఆ రాళ్ల పక్కగా నడిచినప్పుడు మూత తీసిన కుండలోంచి వచ్చినట్టు సెగ చెంపకు తగులుతుంది. ఒంటికి చెమట పట్టినట్టే తెలియలేదు. పుట్టింది పుట్టినట్టే ఆరిపోయి, చేతుల మీద ఉప్పు తెల్లగా మిగిలింది. గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు మన లోపలి వేడి బయటికి పోవడానికి చెమట ఆరడం ఒక్కటే దారి అని పిల్లలకు ఏటా చెబుతాను. మా ఇద్దరికీ కలిపి ఒక్క లీటరు సీసా, అదీ సగం ఖాళీ అని మాత్రం ఆలోచించలేదు.

ముప్పావుగంట గడిచేసరికి తమ్ముడు మాట్లాడటం మానేశాడు. ఆ తరువాత రోడ్డు పక్కనున్న తుమ్మచెట్టు దగ్గర కూలబడ్డాడు. నేను మొదట చూసింది వాడి మెడ వెనుక చెయ్యి వేసి: చెమట జిగటగా ఉంది, చర్మం పాలిపోయింది, పేరు అడిగితే విసుక్కుంటూనైనా చెప్పాడు. చెమట ఆగి, ఒళ్లు పొడిగా కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. లోపలి వేడి 40 దాటిందన్న మాట. ఇది సొమ్మసిల్లడం మాత్రమే. ఆ తేడా తెలిసినా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

చెట్టుకు కొంచెం అవతల రేకుల ఇంటి ముందు పందిట్లోంచి ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. లంబాడీ ఆమె. వాళ్ల భాషలో నాకు వచ్చిన ఒక్క ముక్కతో "యాడీ" (అమ్మా) అని పిలిచాను. ఆమె నవ్వి తెలుగులోనే జవాబిచ్చింది. వాణ్ని పందిరి కింద పడుకోబెట్టి, కాళ్ల కింద గోనెసంచి మడత పెట్టి, తడిగుడ్డను నుదుటికి బదులు చంకల్లో, మెడ పక్కల పెట్టింది. ఎవరు చెప్పారో గాని వైద్యులు చెప్పే పద్ధతి అదే. రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉండే చోట్లు అవి. వాడు లేచి కూర్చున్నాక కంచు గిన్నెలో జొన్న అంబలి పోసి, అందులో సల్ల కలిపి, ఉప్పురాయి వేసి, చేత్తో చితక్కొట్టిన ఉల్లిగడ్డ అంచుకు పెట్టింది. ఆ అంబలి పుల్లగా, చల్లగా, కాస్త పొగవాసనతో ఉంది. గిన్నె అడుగున ఉప్పురాయి పూర్తిగా కరగకుండా మిగిలితే తమ్ముడు దానిని కూడా వేలితో తీసుకుని నాకాడు. వాణ్ని పదేళ్లప్పుడు తప్ప అలా చూడలేదు.

డబ్బు ఇవ్వబోతే ఆమె ముఖం మారిపోయింది. "నీళ్లకు పైసలు దీసుకుంటరా బిడ్డా?" అన్నది. అంబలి కూడా ఆమె లెక్కలో నీళ్లే. నాలుగింటికి ఆమె మనుమడు బండి మీద ఒకరి తరువాత ఒకరిని మా అత్త ఇంట్లో దించాడు. పెట్రోలు పోయించుకోమన్నా వినలేదు.

మే 1, బుధవారం: అత్తమ్మ ఊరు

అత్తమ్మకు రెండిళ్లు. ఒకటి పాత మట్టి మిద్దె, ఇప్పుడు గడ్డి, పనిముట్లు పెట్టుకునేది. రెండోది పన్నెండేళ్ల కిందట కట్టిన స్లాబు ఇల్లు. ముందురోజు రాత్రి పదకొండు గంటలకు స్లాబు గదిలో థర్మామీటరు 38 చూపింది. మిద్దెలోకి తీసుకుపోయి పెడితే 34కు దిగింది. "అందులోనే పడుకోవచ్చు కదా?" అంటే, "తేళ్లున్నయి" అన్నది అత్తమ్మ. చివరికి ముగ్గురమూ వాకిట్లో నులకమంచాలు వేసుకున్నాము.

పగటి రికార్డులు పత్రికలకెక్కినంతగా రాత్రి వేడి ఎక్కదు. 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలో మే, జూన్ నెలల వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. అదే ఏడు వేసవిలో ఐరోపాలో 70 వేల మందికి పైగా పోయారు. అక్కడి పగళ్లు చాలాచోట్ల 40 దగ్గరే ఆగాయి, మన లెక్కలో అది మార్చి చివరి ఎండ. కాని ఆ ఇళ్లు వేడిని బయటికి పోనిచ్చేవి కావు, రాత్రుళ్లు చల్లబడలేదు, పోయినవారిలో ఎక్కువమంది ఒంటరి ముసలివారు. అత్తమ్మ స్లాబు గదిలో అరగంట కూర్చున్నప్పుడు నాకు ఆ సంగతే గుర్తుకు వచ్చింది.

తెల్లవారుజామున ఐదున్నరకే ఉపాధి పనికి పోతున్న ఆడవాళ్లతో కలిసి చెరువు దాకా నడిచాను. మేడే రోజని ఎవరికీ పట్టింపు లేదు. చెరువులో పూడిక తీత. నేల ఎంత గట్టిపడిందంటే గడ్డపార దిగినప్పుడు రాయి మోగినట్టు మోగింది. ఆ ఏప్రిల్ నుంచి రోజుకూలి 300 రూపాయలు చేశారు గాని అది కొలత మీద వచ్చేది, తవ్వినంతే డబ్బు. ఎండ ముదిరేలోగా పని ముగించినా, హాజరు ఫొటో రెండోసారి పడేదాకా కదలడానికి లేదు. తొమ్మిదిన్నరకు, ఆ ఫొటోలు తీసే మేటు చేతిలోని ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది. ఆమె దానిని తడి తువ్వాలలో చుట్టి, తట్ట కింద నీడలో పెట్టి, బాలింతను చూసుకున్నట్టు మధ్య మధ్య తీసి చూసుకుంది. నలభైమంది మనుషులు మాత్రం ఆ ఫోను చల్లబడేదాకా ఒక్క వేపచెట్టు కింద, దాని నీడ ఎటు పోతే అటు జరుగుతూ కూర్చున్నారు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు, పుంటికూర పప్పు. తిన్న తరువాత అత్తమ్మ తనంతట తానే మామ సంగతి ఎత్తింది. 2015 మే 24, ఆదివారం. ఆ ఏడు బోర్లన్నీ ఎండిపోయి బత్తాయి తోటలు నిలువునా మాడుతున్నాయి; నల్లగొండ రైతులు ట్యాంకరు నీళ్లు కొని చెట్టుకు నాలుగు బిందెల లెక్కన పోశారు. మామ పొద్దున్నే తోటకు పోయి, మూడింటికి తిరిగి వచ్చి, గడపలో నిలబడి, "వానొస్తున్నది, మేకలను లోపల కట్టున్రి" అన్నాడట. ఆకాశంలో మబ్బుతునక లేదు. అత్తమ్మ నవ్వింది. నవ్వినందుకు ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు. ఒళ్లు పట్టుకుంటే పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. బండి దొరికి, దవాఖాన చేరేలోగా ప్రాణం పోయింది.

అప్పుడు వడదెబ్బ మృతునికి 50 వేల రూపాయల సాయం ఉండేది. కాని అది వడదెబ్బేనని తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ముగ్గురూ కలిసి తేల్చాలి, శవపరీక్ష కావాలి. ఆ ఎండలో శవాన్ని ఉంచలేమని పెద్దలు తెల్లవారకముందే దహనం చేయించారు. కాబట్టి మామ ఆ లెక్కలో లేడు. ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వాలు చెప్పిన అంకెను నా పుస్తకంలో రాసుకున్నాను. ఈ పూట దాని పక్కన, మార్జిన్‌లో, పెన్సిలుతో ఒకటి కలిపాను.

ఖమ్మంలో 48 డిగ్రీలని పత్రికలు రాసినది కూడా ఆ మే 24నే. అత్తమ్మకు ఆ సంగతి తెలియదు. చెప్పవలసిన అవసరమూ కనిపించలేదు.

మే 2, గురువారం: హాలియా, సాగర్

హాలియాలో చాయ్ తాగుతూ పేపరు చూస్తే, ఎండల దృష్ట్యా తెలంగాణలో మే 13న జరిగే లోక్‌సభ పోలింగు సమయాన్ని ఒక గంట పెంచి సాయంత్రం ఆరు దాకా చేశారన్న వార్త ఉంది. హోటలాయన దానిని గట్టిగా చదివి వినిపించి, "ఓటుకైతే గంట పెంచిన్రు, గిర్నీ కాడ హమాలీకి ఎవలు పెంచుతరు?" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు గాని, బస్తాలు మోయడానికి లేవడంలో ఎవరూ ఆలస్యం చేయలేదు.

సాగర్‌లో చూడటానికి నీళ్లకన్నా రాళ్లే ఎక్కువ. పూర్తి మట్టం 590 అడుగులైతే ఆ రోజున్నది 510 దరిదాపుల్లో. నీళ్లు దిగిన చోటల్లా కొండకు తెల్లని చార పడింది. హైదరాబాదు తాగునీటి కోసం అడుగునుంచి తోడే పంపులు పెట్టారు. ఎడమ కాలువ కింద యాసంగికి నీళ్లు రాక పొలాలు బీటలు వారి ఉన్నాయి. తడి నేల, పచ్చని పైరు ఉంటే ఎండలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. ఎండిన నేల మీద పడిన ఎండంతా గాలిని వేడి చేయడానికే. పోయిన వానాకాలం మోసం చేస్తే ఈ వేసవి ముదరడానికి సగం కారణం అక్కడే ఉంది.

అవతలి ఒడ్డు పల్నాడు. చిన్నప్పుడు రేడియో వార్తల చివర, రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత రెంటచింతలలో నమోదైందని వినీ వినీ, అది ఊరు పేరు కాదు, ఒక రకం ఎండ పేరని అనుకునేదాన్ని. తమ్ముడు నమ్మలేదు, వాడికి రేడియో రోజులు గుర్తులేవు.

మే 3, శుక్రవారం: నల్లగొండ, పానగల్లు

నల్లగొండలో మేము దిగిన లాడ్జిలో కూలరుకు విడిగా 200 అడిగారు. అందులో నీళ్లు మాత్రం మేమే పోసుకోవాలట. పొద్దున టిఫిన్ దగ్గర పెద్ద వాదన నడుస్తున్నది: జిల్లాలో 46 దాటిందని పేపరు రాస్తే, ఫోనులో పట్టణానికి అంతకన్నా తక్కువ చూపిస్తున్నదని. రెండూ నిజమే కావచ్చు. వాతావరణ శాఖ కేంద్రాలు కొన్నే. అవి దశాబ్దాల నాటివి. రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండలం మండలానా పెట్టిన స్వయంచాలక యంత్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి ప్రతిరోజూ ఎక్కువ చూపుతుంది. యంత్రం కొత్తదైతే దాని ప్రతి వేసవీ రికార్డే. ఎక్కువ కాలం కొలిచిన చోటే రికార్డుకు బరువు ఉంటుంది: హైదరాబాదులో 1966 జూన్ 2న నమోదైన 45.5ను 2015 కూడా దాటలేకపోయింది. దేశం మొత్తానికి 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో వచ్చిన 51 పెద్దది. ఇక మైదాన ప్రాంతంలో 45 చేరితే వడగాడ్పు, 47 చేరితే తీవ్ర వడగాడ్పు అని వాతావరణ శాఖ లెక్క. ఇదంతా చెప్పి ముగించేసరికి నా ఇడ్లీ చల్లారిపోయింది. ఆ ఊళ్లో ఆ రోజు చల్లగా ఉన్నది అదొక్కటే.

ఒక ప్రభుత్వ ఆవరణలో తెల్లపెట్టె గోడ మీదుగా కనిపిస్తే లోపలికి పోయి చూడబోయాను. కావలి అతను అనుమతి కాగితం అడిగాడు. బయటి నుంచి చూస్తే పావురాల గూడులా ఉంది.

పానగల్లు ఊరికి ఆనుకునే ఉంటుంది. కందూరు చోళుల రాజధాని అది. ఉదయసముద్రం గట్టు దాటి, పొలాల మధ్య ఉన్న ఛాయా సోమేశ్వరాలయానికి చేరేసరికి పదకొండు దాటింది. చెప్పులు విడిచిన చోటు నుంచి మండపం మెట్టుదాకా ఇరవై అడుగులు కూడా లేవు. ఆ ఇరవై అడుగులూ నేను ఎగిరాను, తమ్ముడు పరుగెత్తాడు. లోపల మూడు గర్భగుళ్లు, నడుమ ఒకే మండపం. పడమటి గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద నిట్టనిలువుగా ఒక నీడ. పొద్దు ఎటు తిరిగినా అది కదలదని అర్చకుడు చెప్పి, మమ్మల్నే పరీక్షించుకోమన్నాడు. నేను స్తంభాల దగ్గర ఒక్కొక్కచోట నిలబడ్డాను, తమ్ముడు లోపల చూస్తూ నిలబడ్డాడు. నా నీడ ఒకచోట పడి, ఇంకొకచోట పడలేదు గాని, ఆ నీడ మాత్రం చెదరలేదు. సూర్యుని కిరణం నేరుగా లోపలికి రాదు. బయటి నేల మీద పడి చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి రెండు పక్కలనుంచీ లోపలికి వస్తుంది, నడిమి భాగానికి అందదు. అందుకే పొద్దుతో పాటు తిరిగే పని దానికి లేదు. తొమ్మిదివందల ఏళ్ల కిందట ఇంత లెక్క కట్టినవారి ముందు నా థర్మామీటరు బయటికి తీయడానికి కాస్త సిగ్గేసింది, అయినా తీశాను. మండపంలో 36. మెట్టు కింద, ఎండలో, చూడలేదు.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాము. మాతోపాటు నలుగురు మేకల కాపరులు, ఒక సైకిలు మీద ఐస్ అమ్మే అతను, మూడు కుక్కలు. ఒక్కో పుల్ల ఐసు పది రూపాయలు. అతను అర్చకునికి ఒకటి ఉచితంగా ఇచ్చాడు.

మే 4, శనివారం: గడియారం సెంటరు

ఊరికి అటూ ఇటూ ఉన్న రెండు గుట్టల రాళ్లు రాత్రంతా వేడి కక్కుతూనే ఉన్నాయి. కూలరు గదిలో కూడా నిద్ర పట్టలేదు. తెల్లవారి తిరుగు ప్రయాణానికి ముందు అత్తమ్మ చెప్పిన ఓఆర్‌ఎస్ పొట్లాలు పది కొని, దేవరకొండ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపాను. ఆ తరువాత గడియారం సెంటరులో ముంజల కోసం ఆగాము.

అమ్ముతున్న ఆమెకు అరవై ఉంటాయి. తాటికాయను ఎడమ అరచేతిలో తిప్పుతూ కత్తితో మూడు దెబ్బలు కొట్టి, బొటనవేలితో ముంజను నీళ్లు చెదరకుండా ఎత్తుతుంది. డజను వంద చెప్పింది, తొంభైకి ఇచ్చింది, పైన రెండు వేసింది. లేత ముంజను పొట్టుతోనే కొరకాలని, లోపలి నీళ్లు ముందు జుర్రాలని తమ్మునికి నేర్పింది. వాడు చొక్కా మీద పోసుకున్నాడు.

ఆమె గంప బట్టల దుకాణం బోర్డు నీడలో ఉంది. ఆ నీడ వెడల్పు రెండు మూరలు కూడా లేదు. మేము ముందు నిలబడి తింటుండగానే ఆమె గంపను ఒక జానెడు పక్కకు లాగింది. కాసేపటికి మళ్లీ ఒక జానెడు. పొద్దున్నుంచి ఎక్కడ మొదలుపెట్టావమ్మా అంటే, దుకాణం అవతలి మూలన మందుల షాపు మెట్లను కత్తితో చూపించింది. నేలమీద ఆమె కూర్చున్న గోనెపట్టా రాచుకున్న గీత ఆ మెట్ల దగ్గర నుంచి మా కాళ్ల దాకా సాగి ఉంది.

"జర ఇటు జరుగు బిడ్డా," అన్నది, నా మోకాలిని మోచేత్తో నెడుతూ. "నీడకు అడ్డమున్నవ్."